పదమూడో తేదీ తాబేళ్లు

కజుయోకి చిన్నప్పటినుంచీ ఒక జబ్బుంది. ఎక్కడైనా ఒక అంకె తేడాగా కనిపిస్తే ఇక ఆ పూట అన్నం సయించదు. చేపల సంఘంలో కాటా దగ్గర కూర్చున్న పందొమ్మిదేళ్లూ ఈ జబ్బువల్ల ఆమెకు మంచి పేరూ వచ్చింది, కావలసినన్ని తిట్లూ వచ్చాయి. గంప బరువులో పావుకిలో తేడా వస్తే చాలు, ఐసు కరిగిందా, గంప మారిందా, కాటా మొరాయించిందా అన్నది తేలేదాకా వెనకున్నవాణ్ణి ముందుకు రానిచ్చేది కాదు. ఆ సంఘాన్ని పక్కఊరి సంఘంలో కలిపేశాక ఆమె కూర్చునే కాటా కిటికీ మూతపడింది. కజుయో సాయంత్రం తరగతులకు వెళ్లి ఎక్సెల్ నేర్చుకుని, నగిహమా అనే ఆ సముద్రపొడ్డు ఊరి టౌనాఫీసులో ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగంలో చేరింది. ఇప్పుడామెకు నలభై తొమ్మిది. రెండో అంతస్తులో మెట్ల పక్క బల్ల ఆమెది. చలికాలంలో మెట్లమీంచి గాలి కొడుతుంది కాబట్టి మోకాళ్లమీద దుప్పటి కప్పుకుని పనిచేస్తుంది.

ఆ ఫిబ్రవరిలో ఆమె బల్లమీదికి ముప్ఫై ఒక్క నోటుపుస్తకాలు వచ్చి పడ్డాయి. అవి ఇసోమురా అనే డెబ్బై ఎనిమిదేళ్ల ఆయనవి. ఒకప్పుడు ట్యూనా పడవలమీద వంటవాడు. పడవ దిగిన ఏడాదినుంచి, మే మొదలు ఆగస్టు ఆఖరు దాకా, రోజూ రాత్రిపూట ఊరి ఇసుకతీరం ఈ కొసనుంచి ఆ కొసకు నడుస్తూ, గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే సముద్రపు తాబేళ్లను లెక్కపెట్టడం పనిగా పెట్టుకున్నాడు. ఆయన్ని ఎవరూ పెట్టమనలేదు. ఎందుకు మొదలుపెట్టారని అడిగితే, పడవమీద ఉన్నన్నాళ్లూ రాత్రిళ్లు మేలుకునే అలవాటు, ఇంట్లో మేలుకుంటే మా అమ్మ తిడుతుంది అనేవాడు. తారీఖు, వేళ, ఎక్కడ ఎక్కింది, గుడ్లు పెట్టిందా ఊరికే తిరిగిపోయిందా. పుస్తకంలో ఇంతకుమించి ఒక్క మాట ఎక్కువ ఉండదు.

ఆ పుస్తకాలకు ఇప్పుడు పని పడింది. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాల జాబితా ఒకటి జిల్లా కమిటీ తయారుచేస్తోంది. పాతికేళ్లకు తగ్గకుండా నమ్మదగిన రాతలెక్క ఉన్న తీరాలకే అందులో చోటు. జాబితాకెక్కితే నగిహమా ఒడ్డు పొడుగునా పాతాలనుకున్న దీపస్తంభాలు ఆగిపోతాయి. ఎక్కకపోతే స్తంభాలు లేస్తాయి, దీపాలు వెలుగుతాయి, వెలుతురున్న ఒడ్డుకు తాబేలు రాదు. ఊరి దగ్గరున్న రాతలెక్క ఇసోమురా పుస్తకాలొక్కటే.

కజుయో రెండువారాలు కూర్చుని మొత్తం ఎక్కించింది. పదకొండువందల నలభై ఆరు వరసలు. పుస్తకంలో ఉన్నట్టే తారీఖుకు ఒక కాలమ్, వేళకు ఒక కాలమ్ పెట్టుకుంది. కమిటీ ఫారంలో రెండూ కలిపి ఒకేచోట ఉండాలన్నారు. సరే, రెంటినీ కూడే సూత్రంతో మూడో కాలమ్ చేసి కిందిదాకా లాగేసింది. లాగినదాన్ని మళ్లీ పరికించి చూడలేదు. ఆ తర్వాతది ఆమెకెంతో ఇష్టమైన పని, పివట్ టేబుల్. పొద్దున్నే పడవలోంచి కుమ్మరించిన చేపల్ని రకాలవారీగా గంపల్లోకి విడగొట్టినట్టు, కుప్పగా పడున్న వరసల్ని ఏ రోజువి ఆ రోజు గంపలోకి అది ఇట్టే చేర్చేస్తుంది. ఏడాదిలో ఏ రోజుల్లో తాబేళ్లు ఎక్కువొస్తాయని కమిటీ అడిగింది. అందుకని కజుయో ఏళ్లను పక్కనపెట్టి, రోజులవారీగా గ్రూపు చెయ్యమని నొక్కింది. ముప్ఫై ఒక్క ఏళ్ల మే ఒకటులన్నీ ఒక గంపలో, మే రెండులన్నీ ఇంకో గంపలో, అలా ఆగస్టు ఆఖరుదాకా ముద్దుగా వరస కట్టాయి. ప్రింటు తీసి ఆఫీసరుకిచ్చింది.

ఆఫీసరు హిరాఓకా చెడ్డవాడేం కాదు, కాకపోతే కాళ్లకింద నిప్పులున్న మనిషి. కాగితం చేతికందగానే ఆగస్టు దగ్గర వేలు పెట్టి ఆగాడు. పదమూడో తేదీ, పద్నాలుగు తాబేళ్లు.

ఆగస్టు పదమూడునుంచి పదహారు దాకా బోన్, చనిపోయిన పెద్దలు ఇళ్లకొచ్చే పండుగ. ఆ నాలుగురోజులూ నగిహమాలో పుట్టిన ప్రాణి ఏదీ నీళ్లదాపులకు పోదు. ఆ చనిపోయినవాళ్లు సముద్రం దారినే వస్తారు, ఆ దారిలో దొరికినవాళ్ల కాళ్లు పట్టుకుని లాగుతారు. ఇసోమురా కూడా ప్రతి పుస్తకం మొదటిపేజీలోనూ రాసుకున్నాడు, బోన్ నాలుగు రాత్రులూ నడవను అని. మరి నడవనివాడికి పద్నాలుగు తాబేళ్లు ఎక్కణ్ణుంచి కనిపించాయి? హిరాఓకాకు అనుమానం తగులుకుంది. అక్కడితో ఆగకుండా, ఏళ్లవారీగా ఉన్న ఇంకో షీటు తెరిపించి, తొంభై తొమ్మిది జూలై రెండు వెతికించాడు. ఆ రాత్రి ఒక్కరాత్రే పదకొండు తాబేళ్లెక్కాయని ఇసోమురా ఇప్పటికి వందసార్లు చెప్పుంటాడు. ఊళ్లో పిల్లలక్కూడా ఆ కథ కంఠతా వచ్చు. షీటులో ఆ రోజుకు నాలుగే ఉన్నాయి. మర్నాటికి ఏడు.

కజుయో పుస్తకాలతో సరిచూస్తానంటుండగానే అతను వాటిని అట్టపెట్టెలో సర్ది తన బీరువాలో పెట్టి తాళం వేసేశాడు. మర్నాడే ముసలాయనకు కబురు పంపాడు.

ఇసోమురా వచ్చి టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కజుయో టీ తెచ్చిపెట్టి తన బల్ల దగ్గరే ఉంది, కాబట్టి అన్నీ వినిపించాయి. హిరాఓకా వాతావరణం గురించీ మోకాళ్లనొప్పుల గురించీ చాలాసేపు మాట్లాడి, ఆఖరికి అసలు సంగతికొచ్చాడు.

"చిన్న సందేహమండీ. బోన్‌లో నడవనని మీరే రాసుకున్నారు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా వెళ్లారా?"

ఇసోమురా నోరు తెరిచాడు. మూశాడు. టీ కప్పు వంక చూస్తూ ఉండిపోయాడు. హిరాఓకాకు ఆ మౌనమే జవాబైపోయింది. తొంభై తొమ్మిది సంగతి అడిగితే మాత్రం ముసలాయన తలెత్తి, "పదకొండు," అన్నాడు. ఇక్కడ అలా లేదండీ, వయసు మీదపడ్డాక అంకెలు కాస్త అటూఇటూ అవడం సహజమే, అంటూ హిరాఓకా ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. ఇసోమురా లేచి, వంగి దణ్ణం పెట్టి, టోపీ పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఈ మే నుంచి తాను నడవబోనని సాయంత్రానికి కబురొచ్చింది.

ముప్ఫై ఒక్క ఏళ్లు నిద్ర మానుకున్న మనిషిని కట్టుకథల మనిషని తేల్చింది కజుయో చేసిన టేబులే. కమిటీకి కాగితాలు పంపడానికి ఇంకా మూడురోజులే గడువు. పుస్తకాలమీద "నమ్మదగినవి కావు" అని రాసి పంపడానికి హిరాఓకా అప్పుడే మనసులో సిద్ధమైపోయాడు. నిజంగానే ముసలాయన కల్పించి రాశాడా? అయితే పద్నాలుగు, పదిహేను, పదహారు తేదీల్లో ఒక్కటీ రాయకుండా పదమూడునే ఎందుకు కల్పిస్తాడు? అబద్ధమాడేవాడు ఒక్కరోజుకే ఆడతాడా? ఆమెకు ఇక్కడే ముడి పడింది. ఇక అన్నం సంగతి మీకు చెప్పక్కర్లేదు.

అన్నం తినకపోయినా మధ్యాహ్నంపూట అక్క కొట్టుకు వెళ్లడం అలవాటు. అక్క మిసావో రేవు దగ్గర చిన్న తాగుడు కొట్టు నడుపుతుంది. పగలు మూసే ఉంటుంది, చెల్లెలికి మాత్రం వెనకగుమ్మంలోంచి వేడివేడి ఉదోన్ నూడుల్స్ గిన్నె దొరుకుతుంది. ఆవేళ మిసావో గుమ్మానికి తగిలించే పలకను వంటగట్టుమీద పెట్టుకుని, వానకు వెలిసిపోయిన అక్షరాలమీద మళ్లీ రంగు దిద్దుతోంది. చెల్లెలి మొహం చూడగానే మొదలెట్టింది.

"ఏమే, ముసలాయన్ని దొంగని చేశావటగా?"

"నేనెందుకు చేస్తాను. టేబుల్ అలా చూపించింది."

"ఓహో. టేబులే వెళ్లి ఆఫీసరుకి ఇచ్చొచ్చిందా?"

కజుయో ఉదోన్ నములుతూ పలకవంక చూస్తూ కూర్చుంది. కొట్టు తెరిచి ఉండు వేళలు, పద్ధెనిమిదినుంచి ఇరవై ఆరు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లెవరికీ ఇందులో వింతేం కనిపించదు. అర్ధరాత్రి దాటాక ఒంటిగంట వాళ్లకు ఇరవై ఐదు, రెండు ఇరవై ఆరు. టీవీ కార్యక్రమాలైనా, వేటకెళ్లే పడవల వేళలైనా అలాగే రాసుకుంటారు. రాత్రి తెల్లారేదాకా ఒకే రాత్రి, మధ్యలో గడియారం ఏం కూసినా వీళ్లు లెక్కచెయ్యరు. ఇసోమురా పుస్తకాలనిండా కూడా ఇరవై ఐదు నలభై, ఇరవై ఆరు పది. కజుయో ఒక్కోటీ చూసి ఉన్నదున్నట్టు కొట్టుకుంటూ పోయింది, కళ్లు ఎక్కడా ఆగలేదు. ఆగడానికి అందులో ఏముంది గనక.

ఇప్పుడు ఆగాయి.

"అక్కా, శుక్రవారం ఇరవై ఆరింటికి కొట్టు మూస్తావు. అప్పుడు శుక్రవారమా, శనివారమా?"

మిసావో కుంచె ఆపి, చెల్లెలికి మతిగానీ పోయిందా అన్నట్టు చూసింది. "నా కొట్లో పడిపోయినవాణ్ణి అడిగిచూడు, శనివారం తాగావంటే ఒప్పుకుంటాడేమో. పడుకుని లేచేదాకా శుక్రవారమే."

"ఎక్సెల్‌కి ఎవరు చెప్పారు, ఈ సంగతి?"

"ఎవరాయన?" అంది మిసావో. అప్పటికే కజుయో సగం గిన్నె వదిలేసి గుమ్మం దాటేసింది.

బల్ల దగ్గరికొచ్చి దుప్పటి కూడా కప్పుకోకుండా షీటు తెరిచింది. టేబుల్లో పదమూడో తేదీకి ఎదురుగా ఉన్న పద్నాలుగంకె మీద రెండుసార్లు నొక్కితే, ఆ లెక్కలోకొచ్చిన వరసలన్నీ విడిగా ఇంకో షీటులో పరుచుకున్నాయి. ఆ ఆత్రంలో ఆమె చూసింది మొదటి వరస ఒక్కటే, తొంభై ఆరో సంవత్సరానిది. తారీఖు కాలమ్‌లో ఆగస్టు పన్నెండు. వేళ కాలమ్‌లో ఇరవై ఐదు నలభై. రెంటినీ కూడిన మూడో కాలమ్‌లో ఆగస్టు పదమూడు, ఒంటిగంట నలభై. ఎక్సెల్ కిక్కురుమనకుండా ఇరవై నాలుగు గంటల్ని ఒక రోజుకింద కట్టేసి, మిగిలిన గంటా నలభై నిమిషాల్ని మర్నాటి గంపలో పడేసింది. దాని తప్పేం లేదు. పన్నెండో తేదీ రాత్రి నడవడానికి బయల్దేరిన ఇసోమురా తెల్లవారుజామున చూసిన తాబేళ్లన్నీ పదమూడో తేదీవైపోయాయి. పద్నాలుగూ పదిహేనూ పదహారూ ఖాళీగా ఎందుకున్నాయో కూడా తెలిసిపోయింది. పదమూడు రాత్రి ఆయన నడవలేదు, కాబట్టి మర్నాటికి దొర్లిపోవడానికి తాబేళ్లే లేవు.

కజుయో ఒక్కతే కూర్చుని నవ్వుకుంది. పక్కబల్ల అమ్మాయి తలతిప్పి చూసినా పట్టించుకోలేదు.

సరిచెయ్యడం ఎంతసేపు. షీటుకు రోజు అర్ధరాత్రి మారుతుంది, తాబేళ్లను చూసేవాడికి పగలు మారుతుంది. అంతేకదా. నాలుగో కాలమ్ పెట్టి, మూడో కాలమ్‌లోంచి సగం రోజు తీసేసింది. పన్నెండు గంటలు వెనక్కి జరిపితే మధ్యాహ్నంనుంచి మధ్యాహ్నందాకా ఒక రోజవుతుంది, రాత్రి రెండు ముక్కలవకుండా ఒకే తారీఖులో ఉంటుంది. ఆ కాలమ్‌ను పట్టుకుని రోజులవారీగా మళ్లీ గ్రూపు చేసింది. ఏళ్లు కూడా జతచేసి మొదట వెతికింది తొంభై తొమ్మిది జూలై రెండు. పదకొండు. ఆ అంకె కనిపించగానే ఆమెకు కళ్లు చెమర్చాయి, ఎందుకో ఆమెకే తెలియలేదు. తర్వాత కిందికి జరుపుకుంటూ ఆగస్టు పదమూడుకు వచ్చింది. అక్కడ సున్నా ఉండాలి.

ఒకటి ఉంది.

రెండువేల ఏడు, ఆగస్టు పదమూడు, ఇరవై ఒకటి నలభై. రాత్రి తొమ్మిదీ నలభై అన్నమాట. ఇది ఏ కాలమ్ జరిపినా కదిలేది కాదు. పన్నెండో తేదీనుంచి దొర్లుకొచ్చినది కానేకాదు.

హిరాఓకాను పిలిచి మొత్తం చూపించింది. పదకొండంకె చూసి అతను నోరెళ్లబెట్టాడు. ముసలాయనతో అన్నమాటలు గుర్తొచ్చి చెవులు ఎర్రబడ్డాయి, ఛ, అని తననే తిట్టుకున్నాడు. ఆ ఒక్కటీ టైపు చెయ్యడంలో తప్పేమోనని బీరువా తెరిచి రెండువేల ఏడు పుస్తకం తీశారు. తప్పుకాదు. ఆగస్టు పదమూడు, ఇరవై ఒకటి నలభై, పడవలరేవు పక్క, గుడ్లు పెట్టింది. ఎప్పటిలాగే ఒక్కమాట ఎక్కువ లేదు.

హిరాఓకా పుస్తకం మూశాడు. "తీసేద్దాం," అన్నాడు. ముసలాయన మంచికే చెబుతున్నానన్నాడు. పదకొండువందల నలభై ఆరులో ఒకటి పోతే తాబేళ్లకేం నష్టం లేదు. ఉంచామంటే మాత్రం, మొదటిపేజీలో ఒకటి రాసి లోపల ఇంకోటి చేశాడని కమిటీ పట్టుకుంటుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. కజుయోకీ అది నిజమేననిపించింది. ఆ వరస నంబరుమీద నొక్కింది కూడా. వరసంతా నల్లబడి, తీసెయ్యమంటే తీసేస్తానన్నట్టు నిలబడింది. ఆమె వేలు మాత్రం ముందుకు పోలేదు. కాటా దగ్గర పందొమ్మిదేళ్లలో బరువు నచ్చలేదని చేపను సముద్రంలోకి విసిరేసింది లేదు.

"రేపు మధ్యాహ్నందాకా ఆగండి," అంది. "ఆయన్ని అడిగొస్తాను."

ఇసోమురా ఇంటివెనక ఎండలో కూర్చుని పంపరపనసలు ఒలుస్తున్నాడు. కజుయో వెళ్లి తలవంచి, తప్పు తనదనీ, తన షీటుదనీ, పదకొండూ పదకొండేననీ మొత్తం చెప్పుకుంది. ఇరవై ఐదు గంటల సంగతి విని ఆయన కాసేపు బుర్ర గోక్కున్నాడు. ఆ మిషనుకు నిద్రలేదేమో పాపం, అందుకే రోజెప్పుడు మారుతుందో దానికి తెలియదు, అన్నాడు. ఒక తొన పొర తీసి ఆమె చేతిలో పెట్టాడు.

కజుయో తొన నోట్లో పెట్టుకోకుండానే అడిగింది. "మరి రెండువేల ఏడుదీ?"

ఆయన చేతులు ఆగాయి.

"ఆఫీసరు ఒక్కసారైనా వెళ్లారా అని అడిగాడు. వెళ్లాను. వెళ్లలేదని ఎలా అంటాను? వెళ్లానంటే ఎందుకో చెప్పాలి. ఆ గదిలో నోరు పెగల్లేదమ్మా."

"ఎందుకెళ్లారు?"

"ఆ ఏడు చలికాలంలో మా అమ్మ పోయింది. తొంభై ఒకటి. నాకు మాటలొచ్చినప్పట్నుంచీ చెప్పేది, బోన్‌లో నీళ్లదగ్గరికి పోకురా, కాళ్లు పట్టుకు లాగేస్తారని. నాకు యాభై దాటాక కూడా గుమ్మంలో నిలబడి చెప్పేది. ఆవిడ పోయాక మొదటి బోన్ అది. దీపం పెట్టి కూర్చున్నాను. కూర్చోలేకపోయాను. వచ్చేవాళ్లలో ఇప్పుడు ఆవిడా ఉంటుంది కదా. లాగితే లాగనీ, మా అమ్మేగా అనుకుని వెళ్లాను. మోకాళ్లలోతు నీళ్లలో చాలాసేపు నిలబడ్డాను."

కజుయో కుతూహలం ఆపుకోలేక అడిగేసింది. "లాగిందా?"

"లేదు." ముసలాయన ఇంకో తొన పొర మెల్లగా తీశాడు. "ఆవిడ రాలేదు. తాబేలొచ్చింది."

"రాయకుండా ఊరుకుంటే ఎవరికి తెలిసేది?"

"వచ్చింది కదమ్మా," అన్నాడు ఇసోమురా. ఆ ప్రశ్న ఆయనకు అర్థమైనట్టు కూడా లేదు.

ఆ వరస తీసెయ్యమంటున్నారని చెప్పక తప్పలేదు. ఆయన కోపం తెచ్చుకోలేదు. ఒలిచిన తొక్కలన్నీ ఒకచోటికి చేర్చి, దాన్ని తీసేస్తే మిగతావన్నీ కూడా తీసెయ్యండి, అని మాత్రం అన్నాడు.

మధ్యాహ్నానికల్లా కజుయో తిరిగొచ్చి ఫారంలో వివరాలు రాసే కాలమ్ తెరిచింది. పదకొండువందల నలభై ఐదు వరసల ఎదురుగా అది ఖాళీగానే ఉంది. ఆ ఒక్క వరస ఎదురుగా ఆమె ఇలా కొట్టింది: "బోన్‌లో నడవకూడదన్నది ఆయన తల్లి చెప్పిన మాట. ఇది ఆమె పోయాక వచ్చిన మొదటి బోన్. వెళ్లారు. తాబేలు వచ్చింది."

హిరాఓకా చదివాడు. కమిటీ కాగితాల్లో ఇలాంటివి రాయరమ్మా అనబోయి, మళ్లీ చదివాడు. ముద్ర వేశాడు. ఆయన ఇప్పుడు ఇంట్లో ఉంటాడా, అని అడిగాడు. పంపరపనసలు ఒలుస్తున్నాడని కజుయో చెప్పింది. అతను కోటు తగిలించుకుని మెట్లు దిగి వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చినప్పుడు అతని చేతిలో ఆరు పళ్ల సంచీ ఉంది. ఎలా మన్నించమన్నాడో, ఆయన ఏమన్నాడో ఎవరికీ చెప్పలేదు.

మార్చి రెండోవారంలో కమిటీనుంచి ఫోనొచ్చింది. మాట్లాడినావిడ గొంతు పెద్దవయసుదిలా ఉంది. వచ్చిన లెక్కల్ని ఒక్కో తీరంవీ వరసవరసా తిరగేసి, పుస్తకాలు తెప్పించుకుని పోల్చిచూస్తున్నామని చెప్పింది. నగిహమా పెట్టె ఇంకా విప్పలేదట. ముందు ఒక్క సంగతి తెలుసుకోవాలంది.

"రెండువేల ఏడు ఆగస్టు పదమూడు వరస ఉంది చూశారా, అది ఉంచాలని మీరనుకున్నారా?"

"నేను తీసేద్దామనే అనుకున్నాను," అంది కజుయో. అబద్ధమాడాలని ఆమెకు తోచలేదు. "ఆయన ఒప్పుకోలేదు."

అవతల కాగితాల చప్పుడు ఆగింది.

"అయితే పెట్టె విప్పక్కర్లేదండీ, ఆ లెక్క నమ్మొచ్చు. పుస్తకాలు వెనక్కి పంపిస్తున్నాం, ఆయనకి ఇచ్చెయ్యండి. మే నెలలో ఆయనకి కావాలిగా."